అమ్మ పొలాల పండుగ

ఆ రోజుల్లో దేశం తలుపులు బార్లా తెరిచేసిందని పేపర్లన్నీ రాస్తుండేవి. మా క్వార్టర్ తలుపు మాత్రం వానలకు ఉబ్బి, కింద గట్టిగా ఒక తన్ను తంతే గానీ తెరుచుకునేది కాదు. చంద్రపూర్‌కూ బల్లార్‌పూర్‌కూ నడుమ ఉన్న బొగ్గుగని కాలనీ మాది. మా నాన్న (మేం బాపు అనే పిలుస్తాం) కరీంనగర్ వైపు నుంచి గనిలో పనికని వచ్చి అక్కడే పాతుకుపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, మూడింట్లోనూ నా పాండిత్యం అంతంతమాత్రమే. బొమ్మలు మాత్రం వేసేవాణ్ని. కాలనీలో తెల్లగా కనిపించిన ప్రతి గోడనూ బొగ్గుముక్కతో ఉద్ధరించేవాణ్ని (బొగ్గుకు మాకేం కరువు?). తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నేనొక మహా కళాకారుణ్నని నాకు పూర్తిగా తెలిసిపోయింది. లోకానికి ఎప్పుడు తెలుస్తుందా అని ఓపిగ్గా ఎదురుచూస్తున్నాను.

ఆ అవకాశం మా డ్రాయింగ్ మాస్టారి రూపంలో వచ్చింది. వడ్రంగులు పెన్సిల్ పెట్టుకున్నట్టు ఆయన ఎప్పుడూ చెవి మీద ఒక కుంచె పెట్టుకునేవాడు. అందుకని అందరూ బ్రష్ సార్ అనేవాళ్లం. అప్పటిదాకా మాచేత కూజా, అరటిపండు, కూజా పక్కన అరటిపండు గీయిస్తూ వచ్చిన మనిషి, ఆ ఏడు నాగ్‌పూర్‌లో ఏదో శిక్షణకు పోయి పూర్తిగా మారిపోయి వచ్చాడు. వస్తూనే కూజాను బీరువాలో పెట్టి తాళం వేసి, "ఇక మీదట కళ అంటే సామాజిక న్యాయం" అని ప్రకటించాడు. కూజా పీడ వదిలిందని మేం చప్పట్లు కొట్టాం.

మా వైపు శ్రావణ అమావాస్యకు ఎద్దుల పండుగ చేస్తారు. మరాఠీవాళ్లు పోళా అంటే, మేం పొలాల అంటాం. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, పూరన్‌పోళీలు (మేం పోలెలంటాం, బొబ్బట్లే) తినిపించి ఊరేగిస్తారు. మరునాడు పిల్లల పోళా. చక్రాలున్న కొయ్య ఎద్దులను సింగారించి పిల్లలు తాడు కట్టి లాక్కొస్తే, ఆడవాళ్లు హారతిచ్చి చేతిలో చిల్లరో మిఠాయో పెడతారు. మా బడిలో ఏటా ఈ కొయ్య ఎద్దుల పోటీ ఉండేది. బ్రష్ సార్ ఆ పోటీనే పట్టుకున్నాడు. "ఈసారి ప్రతి ఎద్దు వీపు మీద ఒక అన్యాయం ఉండాలి. అది మీరు కళ్లారా చూసినదై ఉండాలి. పేపర్లోది కాపీ కొట్టారో, ఎద్దుతో సహా బయట నిలబెడతా" అన్నాడు. మొదటి బహుమతి పెద్ద రంగుల పెట్టె. పైగా ఆ ఎద్దు చంద్రపూర్‌లో జరిగే ప్రదర్శనకు వెళుతుంది. ఆ రంగుల పెట్టె కోసం నేను ఎంతటి అన్యాయాన్నయినా ఎదిరించడానికి సిద్ధపడ్డాను.

చిక్కేమిటంటే నాకు అన్యాయం దొరకలేదు. మిగతావాళ్లు చకచకా పంచుకున్నారు. కట్నం ఒకడికి పోయింది. తాగుడు ఇంకొకడు తీసుకున్నాడు (సామగ్రికి లోటు లేదు, ఖాళీ సీసాలు ఇంట్లోనే ఉన్నాయి). గనిలో కూలీల మీద సర్దార్‌గా చేసే ఒకాయన కొడుకు లంచగొండితనం మీద బ్రహ్మాండమైన టేకు ఎద్దును తెచ్చాడు. దాన్ని చేసింది గని వడ్రంగి, డ్యూటీ టైములో, రెండు బీడీ కట్టలు పుచ్చుకుని. నేను మాత్రం కాలనీ అంతా అన్యాయం కోసం గాలించాను. అన్యాయం అంటే ఎక్కడో దూరంగా, బహుశా భద్రావతి అవతల, ఉంటుందని నా నమ్మకం. చివరికి అమ్మనే అడిగాను. వీధి చివరి కుళాయి నుంచి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని వస్తోంది.

"అమ్మా, నువ్వు యాడనన్న అన్యాయం జూసినవా?"

"ముందుగాల గా తలుపు దియ్యి ర!" అంది అమ్మ.

తలుపును తన్ని తెరిచి, అన్యాయాన్ని వెతుక్కుంటూ మళ్లీ బయటికి పరుగెత్తాను.

నాకొక స్నేహితుడుండేవాడు. విసాపూర్‌లో వాళ్లకు పొలం, బండి, ఒక జత ఎద్దులు ఉండేవి కనుక వాడి పేరు బండోడు. మరాఠీవాడే గానీ మా అమ్మ చేతి పచ్చిపులుసు కోసం తెలుగు నేర్చుకున్నాడు. పొలాల ముందురోజు సాయంత్రం వాడు నన్ను వాళ్ల కొట్టానికి తీసుకుపోయాడు. వాళ్ల తాత ఎద్దు మెడ దగ్గర కూర్చుని, కాడి రాసుకుని కాయలు కాసిన మూపుకు నెయ్యీ పసుపూ కలిపి మోదుగాకుతో మెల్లగా రుద్దుతున్నాడు. రుద్దడం అయ్యాక చేతులు జోడించి, పెళ్లివారిని పిలిచినంత మర్యాదగా ఎద్దుతో "ఆజ్ ఆవతణ్ ఘ్యా, ఉద్యా జేవాయ్‌లా యా" అన్నాడు. ఇవాళ పిలుపు అందుకోండి, రేపు భోజనానికి రండి అని. ఏటా అనేదేనట. ఎద్దు తల ఊపింది. నాకు అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకు కూడా కుడి భుజం నొప్పి. రోజూ పడుకునేముందు ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి తనే కాపడం పెట్టుకునేది. ఇక భోజనానికి పిలవడమంటారా, మా ఇంట్లో పిలిచేది ఒక్క అమ్మే. అమ్మను పిలిచినవాళ్లెవరూ లేరు. నా అన్యాయం నాకు దొరికింది. ఆ వెంటనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, రంగుల పెట్టె కూడా కళ్లముందు మెరిసింది.

మరునాడు పండుగంతా మేమిద్దరం బండోడి కొట్టంలోనే గడిపాం. వెదురు బద్దలు కట్టి, పాత పేపర్లు మైదా గంజిలో ముంచి అతికించి, దూడంత ఎద్దును నిలబెట్టాం. కొయ్య ఎద్దు కొనే స్తోమత లేక కాగితాల ఎద్దు చేశాను గానీ, సార్ అడిగితే "కొత్త పద్ధతి" అని చెప్పాలనుకున్నాను. వీపు మీద కప్పే గుడ్డ కావాలి. ఇంటికి పోయి అమ్మ ట్రంకుపెట్టెలో పైనున్న ఎర్రచీర పట్టుకొచ్చాను. నుదుట అమ్మ బొట్టుబిళ్ల అంటించాను. కొమ్ములకు గాజులు తొడిగి, తోకకు చీపురు కట్టి, రెండు పక్కలా రెండు చిన్న బిందెలు వేలాడదీశాను. మెడలో అట్టముక్క మీద మరాఠీలో ఇంతింత అక్షరాలతో రాశాను: "మాఝా పోళా కధీ?" నా పొలాల ఎప్పుడు? అని. బండోడు దూరం జరిగి, తల అటూ ఇటూ వాల్చి చూసి, "అచ్చం మీ అమ్మ లెక్కనే ఉన్నది ర!" అన్నాడు. అంతకుమించిన ప్రశంస నాకు ఆ తర్వాత కూడా ఎప్పుడూ దక్కలేదు.

పిల్లల పోళా నాడు బడి మైదానంలో అన్యాయాలన్నీ వరుసగా నిలబడ్డాయి. నా ఎద్దు దగ్గరే జనం ఎక్కువ మూగారు. నేను మీసం లేకపోయినా మీసం దువ్వుకుంటూ పక్కన నిలబడ్డాను. ఇంతలో హారతి పళ్లేలతో మా వీధి ఆడవాళ్లు వచ్చారు. మరాఠీ ఆడవాళ్లు అట్టముక్క చదివి, చెంపలు వేసుకుని, ఎద్దు నుదుట కుంకుమ పెట్టారు. మా తెలుగువాళ్లలో అది చదవగలిగినవాళ్లు లేరు. వాళ్లు చూసింది చీరను. మా పక్క క్వార్టర్‌లో ఉండే మూడో నంబరత్త ముక్కు మీద వేలేసుకుంది.

"అవ్వో! గిది మీ అమ్మ చీర గాదు ర? గాజులు గూడ ఆమెయే! వదినె, జర ఇటు రా, నీ కొడుకు నిన్ను ఎద్దును జేసిండు!"

మీకు తెలియనిదేముంది, మనలో ఎవరినైనా ఎద్దు అన్నామంటే అది పూజ కిందికి రాదు. పండుగ నాడు కాళ్లు కడిగే ఎద్దునే, తెల్లారితే తిట్టుకు వాడుకుంటాం. సంఘాన్ని మార్చే తొందరలో ఈ సంగతి నా బుర్రకు తట్టలేదు. అమ్మ జనంలోంచి మెల్లగా వచ్చి ఎద్దు ఎదురుగా నిలబడింది. బొట్టు చూసింది, గాజులు చూసింది, చీపురు తోక చూసింది. చీర అంచును చేత్తో పట్టుకుని, గంజి మరకను గోటితో గీకింది. ఆమె ముఖం చూసేసరికి నా మీసాలు రాలిపోయాయి.

"నేను నీకు గిట్ల కనవడ్తున్నానా ర?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

అమ్మ కోసమే అన్యాయాన్ని ఎదిరిస్తే, అమ్మ కళ్లలోనే నీళ్లు తిరుగుతున్నాయి. రంగుల పెట్టె గంగలో కలవనీ, అమ్మ ఇక నాతో మాట్లాడదేమోనన్న భయం పట్టుకుంది. అదృష్టవశాత్తు బ్రష్ సార్ పరుగెత్తుకొచ్చాడు. మరాఠీలో నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పాడు. "అమ్మా, మీ వాడు మిమ్మల్ని తిట్టలేదు. ఎద్దుకు కూడా ఏడాదికొక రోజు సెలవుంది, మా అమ్మకేదీ అని అడుగుతున్నాడు. అక్కడ రాసింది అదే."

అమ్మ అట్టముక్క వంక చూసింది. ముక్కు ఎగబీల్చి, కొంగుతో తుడుచుకుని, తనకొచ్చిన మరాఠీలో సార్‌ను అడిగింది. "సార్, పోళ్యాలా బైలాలా కాయ్ కాయ్ కర్తాత్?" (పోళాకు ఎద్దుకు ఏమేం చేస్తారు?)

సార్‌కు పాఠం చెప్పే అవకాశం దొరికితే వదులుతాడా! పని చెప్పరు, వేడినీళ్లతో కడుగుతారు, మూపుకు నెయ్యి రాస్తారు, మంచి గుడ్డ కప్పుతారు, అందరికంటే ముందు తినిపిస్తారు అని వేళ్లు ముడుస్తూ చెప్పుకొచ్చాడు. అమ్మ ప్రతిదానికీ శ్రద్ధగా తలాడించింది. చివర్న ఎద్దు పక్కనున్న బిందెలు రెండూ విప్పి నా చేతికిచ్చింది.

"గట్లయితె రేపు నా పొలాల" అంది.

అప్పుడే మొదటి షిఫ్టు దిగి, ముఖాన బొగ్గు కూడా కడుక్కోకుండా బాపు వచ్చాడు. సంగతి విని కంగారుపడ్డాడు. "ఏంది నీ లొల్లి? రేపు నాకు డ్యూటీ ఉన్నది."

"నాకు పెండ్లైన కాడికెల్లి ఉన్నది" అంది అమ్మ.

తెలుగువాళ్లంతా గొల్లున నవ్వారు. మరాఠీ ఆడవాళ్లు ఏమందని అడిగితే బండోడు అనువాదం చేసి చెప్పాడు. దాంతో నవ్వు రెండోసారి లేచింది. ఆ నవ్వుల మధ్యే బహుమతి ప్రకటించారు. రంగుల పెట్టె లంచగొండితనానికి వచ్చింది.

మరునాడు చీకటి విడవకముందే బాపు నన్ను లేపాడు. ఆయన పోయి సెలవు అడిగితే, గుమాస్తా "పోళా అయిపోయింది గదా, ఇంకేం పండుగ?" అన్నాడట. "మా ఇంట్ల ఇయ్యాల" అని చెప్పి వచ్చానని గొణుక్కుంటూ పొయ్యి ముందు కూర్చున్నాడు. బొగ్గుగనిలో అన్నేళ్లు పనిచేసిన మనిషి, బొగ్గుల సిగిడీ అంటించడానికి ఇల్లంతా పొగ పెట్టాడు. నేను బిందెలు పట్టుకుని కుళాయికి పోయాను. వరుసలో ఉన్న ఆడవాళ్లు నన్ను చూసి, "ఎద్దు రాలే, దూడ వచ్చింది!" అని దారి ఇచ్చారు. నిండిన బిందె ఎంత బరువుంటుందో ఆ రోజుదాకా నాకు తెలియదు. నెత్తి మీద పెట్టుకుంటే మెడ కుంగింది, చంకనెత్తుకుంటే నడుం వంగింది. ఇంటికి చేరేసరికి సగం నీళ్లు బిందెలో, సగం నా నిక్కరులో ఉన్నాయి. తలుపు ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా బిందెలుంటే దాన్ని తన్నడం ఎంత కష్టమో కూడా తెలిసింది.

అమ్మ తీరిగ్గా, ఎండ గుమ్మంలోకి వచ్చాక లేచింది. దుప్పటిలోంచే అడిగింది. "ఎద్దుకు నీళ్లు కాగినయా?"

బాపు పళ్లు నూరాడు. "ఎద్దు చాయ్ గూడ తాగుతదా?"

"పొలాల నాడు తాగుతది. జర చక్కెర ఎక్కువెయ్యి."

నేను గంజి మరకలన్నీ ఉతికి ఆరేసిన ఎర్రచీర కట్టుకుని, అమ్మ వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చుంది. మొదట్లో ఆమెకు కూర్చోవడం చేతకాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది, మంచం పట్టెల మీద పెట్టుకుంది. ఇంట్లో గిన్నె కిందపడిన చప్పుడైతే లేవబోయి, గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది. కాసేపటికి అలవాటైంది. ఆ తర్వాత ఎంత బాగా అలవాటైందంటే, దారిన పోయే ప్రతివాళ్లనూ ఆపి, "మా ఇంట్ల ఇద్దరు పాలేర్లున్నరు, జూస్తరా?" అని లోపలికి వేలు చూపించసాగింది. మూడో నంబరత్త వచ్చి మంచం మీద పక్కనే చతికిలబడి, "వదినె, గిది మస్తున్నది. ఎల్లుండి నాది వెట్టుకుంట" అంది. మధ్యాహ్నానికి మా వాకిలి నిండా ఆడవాళ్లే. వాళ్ల మొగుళ్లు దూరంగా నిలబడి బాపు వైపు జాలిగా, నా వైపు కోపంగా చూశారు.

అప్పుడు వచ్చాడు బ్రష్ సార్. తన ప్రాజెక్టు ఇంతటి ప్రభావం చూపుతోందని విని, కళ్లారా చూసి ఆనందించడానికి వచ్చాడు. "వా, వా! కళ గోడ దాటి జీవితంలోకి వచ్చింది!" అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. అమ్మ ఎంతో మర్యాదగా, "బసా సార్, బసా" అని పీట వేయించి, ఆయన ముందు వెల్లుల్లి గంప పెట్టించింది. "తుమ్హీచ్ సాంగిత్లం నా? లసూణ్ సోలా" అంది. మీరే కదా చెప్పింది, వెల్లుల్లి ఒలవండి అని. గురువుకు ఎదురుచెప్పే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు గానీ, అమ్మకు ఎదురుచెప్పే ధైర్యం గురువుకు లేకపోయింది. చెవి మీద కుంచెతో, మండే గోళ్లతో ఆయన చాలాసేపు ఒలిచాడు. ఆ సాయంత్రం సార్ భార్య వెతుక్కుంటూ వచ్చి, మా అమ్మ దగ్గర కూర్చుని, గుసగుసగా చాలా విషయాలు అడిగి తెలుసుకుని వెళ్లింది.

వంట సంగతి చెప్పాలి. నేనూ బాపూ కలిసి పోలెలు చేశాం. అవి పెనం మీద పగిలి, పూర్ణం ఒకవైపు, పిండి ఒకవైపు విడివిడిగా కాలాయి. పప్పు పలచన. అన్నం పైన మెతుకు, అడుగున బొగ్గు. అయినా విస్తరి వేసి, అమ్మను పిలిచి, ముందు ఆమెకే వడ్డించాం. అమ్మ నింపాదిగా కూర్చుంది. పోలె విరిచి నోట్లో పెట్టుకుంది. "ఉప్పు తక్కువున్నది పప్పుల" అంది. కానీ వేడివేడిగా, మధ్యలో ఎవరూ కేకేయకుండా, ఎవరికోసమూ లేవకుండా, కడుపునిండా తింది. మళ్లీ వేయమంది, వేశాం. ఇంకాస్త అంటే అదీ వేశాం. చేయి కడుక్కుని, తిన్నవా అని నన్ను అడగకుండానే పోయి మంచం మీద పడుకుంది.

అమ్మ నన్ను ఆ మాట అడగని రోజు అదొక్కటే. కొట్టిన రోజు కూడా అడిగేది. నాకెందుకో ఏడుపొచ్చింది. న్యాయం జరిగితే ఇంత ఆకలేస్తుందని సార్ ఎక్కడా చెప్పలేదు. గిన్నెలు చూస్తే పప్పు అడుగంటింది, పోలెలు అయిపోయాయి. నేనూ బాపూ అన్నం గిన్నె మధ్యలో పెట్టుకుని, మాడిన అడుగును గరిటెతో గీకి, చెరికాస్త వేసుకున్నాం. బాపు రెండు ముద్దలు నమిలి ఆగిపోయాడు. గుమ్మంలోంచి మంచం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ అమ్మ రోజు గిదే తింటదా ర?"

"ఎరుక లేదు బాపు" అన్నాను. నిజంగానే తెలియదు. అమ్మ తింటుంటే నేనెప్పుడూ చూడలేదు. ఆయనా చూడలేదు. ఇద్దరం తలలు వంచుకుని ఆ మాడును చప్పుడు కాకుండా నమిలాం. అమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. హాయిగా గురక పెడుతోంది.

మరునాడు మామూలుగానే అమ్మ అందరికంటే ముందు లేచింది. విప్లవం ఒక్క రోజులో ముగిసిపోయింది. కానీ ఆ రోజు నుంచి బాపు పళ్లెం ముందు కూర్చుంటే, "నువ్వు గూడ వెట్టుకోరాదు" అని అమ్మను విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఆయనకు ప్రేమ వచ్చినా విసుగు రూపంలోనే వచ్చేది. మొదట్లో అమ్మ "తర్వాత తింట తియ్యి" అనేది. పోను పోను ఆ పక్కనే పీట వేసుకోసాగింది.

ఇప్పుడు నేనూ డ్రాయింగ్ మాస్టార్నే. సామాజిక న్యాయం మీద బొమ్మ వేయమంటే పిల్లలు భూగోళం చుట్టూ చేతులు కలిపిన మనుషులను వేసి తెస్తారు. రంగులు బాగుంటాయి, మార్కులు వేస్తాను. అలాంటప్పుడు ఆ కాగితాల ఎద్దు పక్కన లేని మీసం దువ్వుకుంటూ నిలబడ్డ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడు గనక ఇప్పుడు ఎదురుపడితే నెత్తిన రెండు మొట్టికాయలు వేసి, పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం కలిపి పెట్టాలనిపిస్తుంది. "తిన్నవా అమ్మా" అనే రెండు మాటలు నేర్చుకోవడానికి అంత పెద్ద ఎద్దును చేయాల్సి వచ్చింది వాడికి, పాపం.